వాల్వు టైమింగ్ తగువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పర్ఫార్మెన్స్ కార్లలో వాల్వు టైమింగ్ మీద, అంటే ఇంజిన్ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నదాని మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట వేస్తున్నాం. కొన్ని ఉత్తరాల్లో కోపం కూడా ఉంది, దాన్ని కాస్త తగ్గించి వేశాం.

ప్రశ్న: ఈ విషయం మీద నేనూ నా ఫ్రెండూ మాట్లాడుకోవడం మానేసే దాకా వచ్చింది. అసలైన పవర్ పాత ఫిక్స్‌డ్ టైమింగ్ ఇంజిన్లలోనే ఉంటుందట, వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వీవీటీ) అనేది మైలేజీ కోసం, పొగ నిబంధనల కోసం తగిలించిందేనట. వాడి మాట అది. వీవీటీ ఉంటే పవర్ పెరుగుతుందని నా మాట. ఎవరిది కరెక్టు?

జవాబు: ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా గెలిపించలేను. ముందు వాల్వు పడే ఇబ్బంది ఏమిటో చూడండి. ఐడిలింగ్‌లో (కారు ఆగి ఇంజిన్ మాత్రమే నడిచేటప్పుడు), అంటే సుమారు 800 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర, పిస్టన్ పైనుంచి కిందికి ఒకసారి రావడానికి 37 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అదే ఇంజిన్ 8000 మీద తిరుగుతుంటే ఆ పనికి 4 మిల్లీసెకన్లు కూడా దొరకవు. గాలికీ బరువుంది. కదలడానికి టైమ్ తీసుకుంటుంది, ఒకసారి కదిలాక ఆగడానికీ తీసుకుంటుంది. అందుకే పెద్ద ఆర్‌పీఎంలో పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి బయల్దేరినా, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ పైపులో ఉన్నది ఆ ఊపుమీద ఇంకా సిలిండర్‌లోకి వస్తూనే ఉంటుంది, గుమ్మంలో ముందువాడు ఆగినా వెనకవాళ్లు తోసుకొచ్చేసినట్టు. అక్కడ ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూస్తే లాభం. అదే ఆలస్యం 1500 దగ్గర నష్టం, ఎందుకంటే గాలికి ఆ ఊపు ఉండదు, పైకొస్తున్న పిస్టన్ లోపలికొచ్చిన దాన్నే వెనక్కి ఇన్‌టేక్‌లోకి నెట్టేస్తుంది, టార్క్ పడిపోతుంది.

ఇది మూసే సంగతి. తెరిచే దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. కాలిన గ్యాస్‌ను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటుంది, రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి, దాన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. వేగంగా బయటికి పోతున్న ఎగ్జాస్ట్ తన వెనకాల కొత్త గాలిని లాక్కొస్తుంది కాబట్టి పెద్ద ఆర్‌పీఎంలో ఓవర్‌ల్యాప్ మంచిది. ఐడిలింగ్‌లో మాత్రం కాలిన గ్యాసే వెనక్కి తిరిగి ఇన్‌టేక్‌లోకి దూరుతుంది. ఎంత తేడా అంటే, బైకుల నుంచి ఒక్క ఉదాహరణ చెబుతాను: డుకాటీ తన సూపర్‌బైక్ ఇంజిన్‌ను రోజువారీ నడిపే మల్టీస్ట్రాడాలో పెట్టాలనుకున్నప్పుడు ఓవర్‌ల్యాప్‌ను 41 డిగ్రీల నుంచి 11 డిగ్రీలకు దించింది. ఆ ఇంజిన్ పేరులోనే 11 డిగ్రీలు ఉంటుంది. తర్వాత 2015లో అదే బైకుకు రెండు క్యామ్‌ల (వాల్వులను నొక్కి తెరిచే షాఫ్టుల) టైమింగూ మారే ఇంజిన్ ఇచ్చింది, అంటే ఒకటి వదులుకుని ఇంకొకటి తీసుకోవడం కూడా నచ్చలేదన్నమాట.

ఫిక్స్‌డ్ క్యామ్ చెక్కేవాడు ఏదో ఒక ఆర్‌పీఎంను ఎంచుకుని దానికి న్యాయం చేస్తాడు, మిగతా చోట్ల సర్దుకుపోతాడు. మీ ఫ్రెండ్‌కు చెప్పాల్సిందీ, మీరు ఒప్పుకోవాల్సిందీ ఒకటే మాట: ఏ ఆర్‌పీఎం దగ్గర ఆపి చూసినా వీవీటీ ఇంజిన్ కూడా ఆ క్షణానికి ఫిక్స్‌డ్ టైమింగ్ ఇంజినే. 7500 దగ్గర పీక్ పవర్ వస్తోందనుకోండి, అక్కడ వీవీటీ ఏ కోణంలో ఉందో అదే కోణంలో క్యామ్‌ను బోల్టేసి బిగించినా ఆ పీక్ అంతే వస్తుంది. వీవీటీ లాభం పీక్‌లో కాదు, పీక్‌కు కింద ఉన్న పొడవాటి దారంతటిలో ఉంది.

కానీ ఇక్కడితో ఆపేస్తే మీకు అన్యాయం. రోడ్డు కారుకు ఫిక్స్‌డ్ క్యామ్ డిజైన్ చేసేటప్పుడు, 7500 దగ్గర బాగుంటుందని తెలిసినా, ఐడిలింగ్ పాడవుతుందని పెద్ద క్యామ్ (వాల్వును ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరిచేది) పెట్టే ధైర్యం కంపెనీలు చేయవు. వీవీటీ ఉంటే చేస్తాయి, ఐడిలింగ్‌లో క్యామ్‌ను పక్కకు తిప్పి ఓవర్‌ల్యాప్ తగ్గించుకోవచ్చు కాబట్టి. ఆ దారిలో పీక్ పవర్ కూడా పెరుగుతుంది. మీ మాట అక్కడ నిలబడుతుంది.

మీ ఫ్రెండ్ మాట నిలబడే చోటూ ఉంది. అమ్మకానికి వచ్చిన కార్లలో వీవీటీ మొదట కనిపించింది 1980 ఆల్ఫా రోమియో స్పైడర్‌లో, అదీ అమెరికా మార్కెట్ కోసం. అక్కడి పొగ నిబంధనలు తట్టుకుంటూనే పైన ఊపు పోకూడదని పెట్టారు. కాబట్టి పుట్టుకలో కాలుష్యం సంగతి ఉంది, నిజమే. అక్కడే ఆగిపోలేదు కదా.

ప్రశ్న: వీటెక్, వానోస్, వీవీటీ-ఐ, వేరియోక్యామ్... ఒకే వస్తువుకు కంపెనీకో పేరా?

జవాబు: కాదు, తగువుల్లో సగం ఇక్కడే పుడుతున్నాయి. రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి క్యామ్‌షాఫ్ట్‌ను దాని చైన్ చక్రంతో పోలిస్తే కాస్త ముందుకో వెనక్కో తిప్పడం, దీన్ని ఫేజింగ్ అంటారు. వాల్వు ఎంతసేపు తెరిచి ఉంటుందో, ఎంత ఎత్తు లేస్తుందో ఇందులో మారదు, తెరిచే వేళా మూసే వేళా రెండూ ఒకే కొలతలో ముందుకో వెనక్కో జరుగుతాయి, అంతే. బీఎండబ్ల్యూ 1992లో ఎం50 ఇంజిన్‌కు ఇచ్చిన వానోస్ ఈ రకం, టయోటా వీవీటీ-ఐ కూడా ఇదే రకం.

రెండోది లోబ్‌నే, అంటే వాల్వును నొక్కే క్యామ్ ఉబ్బునే మార్చేయడం. హోండా వీటెక్ ఈ రకం. 1989లో హోండా ఇంటెగ్రాలో వచ్చిన బీ16ఏ ఇంజిన్ చూడండి: 1.6 లీటర్లు, టర్బో లేదు, 160 హార్స్‌పవర్. ప్రతి రెండు వాల్వులకు మూడు లోబ్‌లు ఉంటాయి, చిన్న ఆర్‌పీఎంలో పక్క లోబ్‌లు పనిచేస్తాయి, పైకెళ్లాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను రాకర్లను (లోబ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే చేతులను) కలిపి బిగించేస్తుంది, అప్పటినుంచి మధ్యలో ఉన్న పెద్ద లోబ్ వాల్వులను నడుపుతుంది. ఎత్తూ మారుతుంది, తెరిచి ఉండే టైమూ మారుతుంది. కానీ క్యామ్ కోణం మాత్రం కదలదు! ఎస్2000 ఇంజిన్ కూడా అంతే. 2 లీటర్లు, జపాన్ మోడల్‌లో 8300 దగ్గర 250 హార్స్‌పవర్, 9000 రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం హద్దు), అయినా ఫేజర్ (ఫేజింగ్ చేసే పార్ట్) లేదు. ఫేజింగ్ లేని ఇంజినే గొప్పదని వాదించేవాళ్లు దీన్ని చూపిస్తుంటారు, అందులో రెండు క్యామ్‌ల పని దాగి ఉందన్న సంగతి చెప్పకుండా.

రెండు పనులూ కలిపితే ఏమవుతుందో 2001 ఇంటెగ్రా టైప్ ఆర్‌లోని కే20ఏ చూపించింది, లోబ్ మార్పుతో పాటు ఇన్‌టేక్ క్యామ్ ఫేజింగ్ కూడా ఉంది. పోర్షె 1992లో 968కి ఫేజింగ్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత వేరియోక్యామ్ ప్లస్‌లో వాల్వు ఎత్తును కూడా కలిపింది.

ప్రశ్న: కార్వెట్ జీ06లోని ఎల్ఎస్7 ఇంజిన్‌కు ఒకటే క్యామ్, పుష్‌రాడ్లు (కిందున్న క్యామ్ నుంచి పైనున్న వాల్వులను నడిపే కడ్డీలు), వీవీటీ లేదు, అయినా 505 హార్స్‌పవర్. ఇంక వీవీటీ ఎందుకు సార్?

జవాబు: 7 లీటర్లు ఉంటే ఎందుకూ అక్కర్లేదు! 2006లో వచ్చిన ఆ ఇంజిన్ అంటే నాకూ ఇష్టమే, ఇన్‌టేక్ వాల్వులూ కనెక్టింగ్ రాడ్లూ టైటానియంవి, 7000 దాకా తిరుగుతుంది. కానీ లీటరుకు లెక్క వేస్తే 72 హార్స్‌పవర్. రెండు క్యామ్‌లకూ ఫేజింగ్ ఉన్న బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లోని 3.2 లీటర్ల ఎస్54 ఇంజిన్ 343 ఇస్తుంది, అంటే లీటరుకు 107. ఈ తేడా అంతా ఒక్క ఫేజింగ్ వల్ల వచ్చిందని నేననను, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఎక్కువ ఆర్‌పీఎం కూడా లెక్కలో ఉన్నాయి. చెప్పేదేమంటే, పెద్ద ఇంజిన్‌కు కింద టార్క్ ఎలాగూ మిగులు ఉంటుంది, క్యామ్‌ను పీక్ కోసం కాస్త పైకి జరిపినా డ్రైవర్‌కు లోటు తెలియదు. 2 లీటర్ల ఇంజిన్‌లో అదే పని చేస్తే 4000 కింద కారు నిద్రపోతుంది.

పుష్‌రాడ్ ఇంజిన్లలో ఇంకో చిక్కుంది. ఒకే క్యామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌లు రెండూ ఉంటాయి కనుక దాన్ని తిప్పితే రెండూ కలిసే జరుగుతాయి, ఓవర్‌ల్యాప్ ఎంత ఉందో అంతే ఉంటుంది, జరిగే చోటు మారుతుంది. లాభం తక్కువ. 2008 వైపర్‌లో దీనికి చక్కని ఉపాయం చేశారు: షాఫ్ట్‌లో ఇంకో షాఫ్ట్ పెట్టి, ఎగ్జాస్ట్ లోబ్‌లను విడిగా జరిపారు. 8.4 లీటర్లు, 600 హార్స్‌పవర్. ఇక కార్వెట్ విషయానికొస్తే, 2014లో వచ్చిన ఎల్‌టీ1కు ఫేజర్ పెట్టారు, ఆ తర్వాత జీ06లో వచ్చిన 5.5 లీటర్ల ఎల్‌టీ6 అయితే పుష్‌రాడ్లనే వదిలేసి, నాలుగు క్యామ్‌లకూ ఫేజింగ్‌తో 670 హార్స్‌పవర్ ఇస్తోంది. అదే కంపెనీ, అదే కారు పేరు.

ప్రశ్న: ట్రాక్ కోసం 2 లీటర్ల ఇంజిన్ కడుతున్నాను. ఇన్‌టేక్ ఫేజర్ ఉంది. పెద్ద క్యామ్‌లు కొన్నాను. ఫేజర్‌ను తీసేసి అడ్జస్టబుల్ క్యామ్ గేర్ (క్యామ్‌ను ఒక కోణంలో బిగించేసే చక్రం) వేసెయ్యమని మెకానిక్ అంటున్నాడు, బరువూ తగ్గుతుంది, టెన్షనూ ఉండదు అంటాడు. తీసెయ్యాలా?

జవాబు: మెకానిక్ ఊరికే అనడం లేదు, కానీ తీసేసే ముందు రెండు విషయాలు చూడండి.

మొదటిది వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ. ఇదే అసలు ప్రమాదం. ఫేజర్ ఇన్‌టేక్ క్యామ్‌ను ముందుకు తిప్పినప్పుడు, పిస్టన్ పైకొసలో ఉన్న వేళకే వాల్వు ఎక్కువగా తెరుచుకుని ఉంటుంది. కంపెనీ క్యామ్‌తో ఇబ్బంది ఉండదు, వాళ్లు చూసే పెట్టారు. పెద్ద క్యామ్ వేసి, క్యామ్ వెనక్కి ఉన్న స్థితిలో ఒక్కసారి కొలిచి సరిపోయిందనుకుంటే, ట్రాక్ మీద ఫేజర్ పూర్తిగా ముందుకు వెళ్లిన రోజున వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. కొలత తప్పకుండా ఫేజర్‌ను పూర్తిగా ముందుకు తిప్పి, అక్కడ బిగించి తీసుకోండి. మెత్తని స్ప్రింగులు వేసి డయల్ గేజ్‌తో చూస్తే మేలు, పిస్టన్ మీద ప్లాస్టిసిన్ పెట్టి తిప్పి చూసే పాత పద్ధతీ పనికొస్తుంది. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉండాలన్నది ఇంజిన్లు కట్టేవాళ్లలో చాలామంది పాటించే హద్దు. చాలకపోతే ఫేజర్‌ను పీకేయనక్కర్లేదు, అది తిరిగే దూరాన్ని తగ్గించే స్టాపర్లు చాలా ఇంజిన్లకు దొరుకుతాయి. 50 డిగ్రీలు తిరిగేదాన్ని 25 దగ్గర ఆపేసినా పనికొచ్చే లాభంలో చాలా భాగం మిగులుతుంది.

రెండోది, మీ ఇంజిన్ నిజంగా ఏ ఆర్‌పీఎంలో బతుకుతుందో లెక్కవేయండి. గేర్ మార్చినప్పుడు 8000 నుంచి 6000కు పడుతుందనుకుందాం. దగ్గర దగ్గర రేషియోల గేర్‌బాక్స్ ఉండి, ఎప్పుడూ ఆ 2000 లోపలే తిరిగే కారైతే అక్కడ సరైన కోణం పెద్దగా మారదు, ఫిక్స్‌డ్‌గా బిగించినా పోయేది కొంచెమే, మెకానిక్ మాట వినొచ్చు. కానీ మామూలు రోడ్డు గేర్‌బాక్స్‌తో, నెమ్మది మలుపులున్న ట్రాక్ మీద 4000 దాకా పడిపోతుంటే, మలుపులోంచి బయటికొచ్చే చోట ఫేజర్ ఇచ్చే టార్క్ మీ పెద్ద క్యామ్ ఇవ్వదు. ల్యాప్ టైమ్ పోయేదక్కడే.

ఉంచితే మ్యాప్ (ఏ ఆర్‌పీఎంలో క్యామ్ ఏ కోణంలో ఉండాలో చెప్పే పట్టిక) ఎలా చేయించాలో కూడా చెబుతాను, చాలామంది ట్యూనర్లు ఈ పని తొందరగా ముగించేస్తారు. డైనో (ఇంజిన్ పవర్, టార్క్ కొలిచే యంత్రం) మీద క్యామ్‌ను 0 డిగ్రీల దగ్గర బిగించి కింది నుంచి రెడ్‌లైన్ దాకా ఒకసారి నడపాలి, తర్వాత 10 దగ్గర, 20 దగ్గర, ఇలా చివరిదాకా. టార్క్ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే అవి చోటుచోటా ఒకదాన్నొకటి దాటుతుంటాయి. ప్రతి ఆర్‌పీఎం దగ్గర అన్నిటికంటే పైనున్న గీత ఏ కోణానిదో అదే మ్యాప్‌లో రాయాలి. ఇక్కడ మీకో సౌకర్యం ఉంది: ఫేజర్ ఉంచాలా తీయాలా అన్నది ఇంక ఎవరి అభిప్రాయమూ అడగనక్కర్లేదు. ఆ పైఅంచుకూ, ఒకే కోణంలో ఉన్న మంచి గీతకూ మధ్య ఎంత ఖాళీ ఉందో మీ ఆర్‌పీఎం పరిధిలో చూసుకోండి. ఖాళీ లేకపోతే క్యామ్ గేర్ కొనుక్కోండి.

మీరు పాల్గొనే పోటీ నిబంధనలు ఒకసారి చదవండి, కొన్ని క్లాసుల్లో ఫేజర్ తీసేయడానికే వీల్లేదు.

ప్రశ్న: టర్బో ఉంటే వాల్వు టైమింగ్ ఎలా ఉన్నా గాలిని అదే తోస్తుంది కదా?

జవాబు: అలా అనిపిస్తుంది, పాతకాలం ఇంజిన్లు చూస్తే ఇంకా అనిపిస్తుంది. స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26కు చివరిదాకా వీవీటీ లేదు. సుప్రాలోని 2జేజెడ్ టర్బోకు కూడా మొదట్లో లేదు, 1997లో జపాన్ మోడళ్లకు మాత్రం వీవీటీ-ఐ ఇచ్చారు. ఈ రెండూ ట్యూనర్లకు దేవుళ్లు, కాబట్టి వీవీటీ అనవసరమని తీర్పు ఇచ్చేస్తారు. ఆ కార్లలో పెద్ద టర్బో వేసి నడిపినవాళ్లను 3500 దగ్గర ఎలా ఉంటుందో అడగండి.

టర్బోకు వీవీటీ ఉపయోగం పైన కాదు, టర్బో నిద్ర లేవకముందు. కింద ఆర్‌పీఎంలో, ఇన్‌టేక్‌లో బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) ఎగ్జాస్ట్ వైపు ప్రెషర్ కంటే ఎక్కువగా ఉన్నప్పుడు ఓవర్‌ల్యాప్ పెంచితే, కొత్త గాలి సిలిండర్‌ను కడిగేసి కొంత నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, టర్బైన్‌కు (ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బో చక్రానికి) ఎక్కువ గ్యాస్ అందుతుంది, బూస్ట్ త్వరగా లేస్తుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లో చల్లే డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటేనే ఈ పని శుభ్రంగా జరుగుతుంది, వాల్వులు మూసుకున్నాక చల్లవచ్చు కాబట్టి. పెట్రోల్‌ను ఇన్‌టేక్ వాల్వుకు బయటే చల్లే పాత పోర్ట్ ఇంజెక్షన్‌లో అయితే గాలితో పాటు పెట్రోల్ కూడా బయటికి పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. పైకెళ్లాక చాలా టర్బో ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వైపు ప్రెషరే ఎక్కువవుతుంది, అప్పుడు ఓవర్‌ల్యాప్ తగ్గించాలి, లేకపోతే కాలిన గ్యాస్ వెనక్కి వస్తుంది. ఒక్క ఫిక్స్‌డ్ కోణం ఈ రెండు పనులూ ఎలా చేస్తుంది? మిత్సుబిషి ఈవో ఎనిమిది తరాలు ఫిక్స్‌డ్ క్యామ్‌తోనే గడిపి, 2005లో తొమ్మిదో దానికి ఇన్‌టేక్ ఫేజింగ్ ఇచ్చింది.

ప్రశ్న: అంత గొప్పదైతే ఫార్ములా 1లో ఎందుకు లేదు?

జవాబు: నిషేధం. 2006లో 2.4 లీటర్ల వీ8 ఇంజిన్ల నిబంధనలు వచ్చినప్పుడు వాల్వు టైమింగ్, లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) మార్చే ఏర్పాట్లను ఆపేశారు, 2014లో వచ్చిన వీ6 టర్బో నిబంధనల్లోనూ అదే కొనసాగింది. ఎఫ్1లో లేదు కాబట్టి పనికిరాదని వాదించేవాళ్లు ఈ ఒక్క ముక్క మరచిపోతారు. పనికిరానిదాన్ని నిషేధించాల్సిన అవసరం ఎవరికీ రాదు.

ప్రశ్న: ఐడిలింగ్‌లో గుడగుడమంటూ కారు ఊగిపోతుంటే ఇంజిన్‌లో మంచి క్యామ్ ఉన్నట్టేనా?

జవాబు: ఓవర్‌ల్యాప్ ఎక్కువున్నట్టు. సిలిండర్‌లో కాలిన గ్యాస్ కలిసిపోయి ఒకసారి మంట సరిగ్గా అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు, ఆ శబ్దం అదే. పవర్ ఉందో లేదో డైనో చెప్పాలి. శబ్దం కోసమే పెద్ద క్యామ్ వేయించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఐడిలింగ్‌లో ఇన్‌టేక్ వ్యాక్యూమ్ తగ్గిపోతుంది, బ్రేక్ బూస్టర్ ఆ వ్యాక్యూమ్ మీదే పనిచేసే కార్లలో పెడల్ గట్టిపడుతుంది. పార్కింగ్‌లో రెండు మూడుసార్లు వరసగా బ్రేక్ తొక్కి చూసుకోండి.

ప్రశ్న: పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు వైపు నుంచి రెండు సెకన్లు గరగరమని చప్పుడు వచ్చి ఆగిపోతుంది. స్కానర్‌లో పి0011 కనిపించింది. క్యామ్‌షాఫ్ట్ పోయినట్టేనా?

జవాబు: క్యామ్‌షాఫ్ట్‌ను ఇప్పుడే తిట్టకండి. మీ ఫేజర్ ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపినప్పుడు అందులోని రెక్కలను ఒక పిన్ను పట్టి ఉంచాలి, ఆ పిన్ను అరిగితేనో పట్టుకోకపోతేనో ఆయిల్ ఎక్కేదాకా రెక్కలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, మీరు వింటున్న చప్పుడు అదే కావచ్చు. పి0011 అంటే ఇన్‌టేక్ క్యామ్ ఉండాల్సిన దానికంటే ముందుకు ఉందని కంప్యూటర్ ఫిర్యాదు. ఖరీదైన పార్ట్ కొనేముందు ఆయిల్ లెవెల్, ఆయిల్ గ్రేడ్, ఫేజర్‌కు ఆయిల్ పంపే సోలినాయిడ్ వాల్వు, దాని జాలీ, ఈ వరసలో చూపించండి. జాలీలో మడ్డి పేరుకుంటే ఫేజర్ వెళ్లిన చోటే ఇరుక్కుపోతుంది. 5డబ్ల్యూ-30 అడిగే ఇంజిన్‌లో రేసింగ్ అని చెప్పి 20డబ్ల్యూ-50 పోస్తే చల్లగా ఉన్నప్పుడు ఫేజర్ బద్ధకంగా కదులుతుంది, ఇదే కోడ్ రావచ్చు. పి0016 కూడా తోడొస్తే పిస్టన్లు తిప్పే క్రాంక్‌కూ క్యామ్‌కూ పొత్తు కుదరడం లేదని అర్థం, అప్పుడు చైన్ సాగిందేమో చూడాలి, అది తేలేదాకా కారును రెడ్‌లైన్ దాకా లాగకండి.